ఉచిత వైద్యం ఖర్చు ఎవరి పద్దులో? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జబ్బుల గురించి కాదు, వైద్యానికి సర్కారు పెట్టే డబ్బు గురించి. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబు రాశాం.

ప్రశ్న: నా జీతంలో ఆదాయపు పన్ను మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్ కోస్తున్నారు. ఆ డబ్బు మా ఊరి ఆస్పత్రికి వస్తుందా? – ఉద్యోగి, విజయవాడ

నేరుగా రాదు. లెక్క వేసి చూద్దాం. మినహాయింపులన్నీ పోగా మీకు పన్ను పడే ఆదాయం 15 లక్షలు అనుకోండి. 2025-26 కొత్త విధానంలో దాని మీద పన్ను 1,05,000 రూపాయలు, ఆ పన్ను మీద సెస్ 4,200. రెండూ ఒకే చలానాలో పోతాయి గానీ, ఢిల్లీ చేరాక ఎవరి దారి వారిదే.

లక్షా అయిదు వేలు రాష్ట్రాలతో పంచుకోవాల్సిన సొమ్ము. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం చెప్పిన ప్రకారం అందులో 41 శాతం, అంటే 43,050 రూపాయలు రాష్ట్రాలన్నిటికీ వెళ్తాయి. ఆ కాలానికి దాంట్లో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణ వాటా 2.102 శాతం. అంటే మీరు కట్టిన పన్నులోంచి ఆంధ్రకు సుమారు 1,742, తెలంగాణకు సుమారు 905 రూపాయలు (వసూలు ఖర్చు మినహాయించకుండా వేసిన లెక్క ఇది). ఈ డబ్బుకు షరతులు లేవు. రాష్ట్రం దాన్ని ఆస్పత్రికి పెట్టుకోవచ్చు, పాత అప్పుల వడ్డీకి పెట్టుకోవచ్చు.

సెస్ సంగతి వేరు. రాజ్యాంగం 270వ అధికరణం సెస్సులను పంపకం నుంచి బయట పెట్టింది కాబట్టి ఆ 4,200లో రాష్ట్రాలకు వాటా లేదు. అంతకుముందున్న 3 శాతం విద్యా సెస్‌ను 2018-19లో ఆరోగ్యం కూడా చేర్చి 4 శాతం చేశారు. ఆరోగ్యం వాటాను దాచడానికి 2021 మార్చిలో ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్షా నిధి అని ఒకటి పెట్టారు. ఏడాది ఆఖరుకు ఖర్చు కాకపోయినా అందులో డబ్బు మురిగిపోదు. ఆయుష్మాన్ భారత్, జాతీయ ఆరోగ్య మిషన్ వంటి కేంద్ర పథకాలకు అందులోంచి వాడతారు. ఆ పథకాల రూపంలో రాష్ట్రానికి చేరినప్పుడు కేంద్రం 60 పెడితే రాష్ట్రం 40 పెట్టాలి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే 90, 10.

ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. మీ ఊరి డాక్టరు జీతం, మందులు, ఆరోగ్యశ్రీ బిల్లులు ఎక్కువగా రాష్ట్ర ఖజానా నుంచే వస్తాయి. ఆ ఖజానాలో కేంద్ర వాటాతో పాటు పడేవి మద్యం, పెట్రోలు మీద పన్నులు, రాష్ట్ర జీఎస్టీ, రిజిస్ట్రేషన్ల ఆదాయం. కాబట్టి ఆస్పత్రి బాగోలేదని అడగాలంటే సెస్ రసీదు చూపించి లాభం లేదు. అసెంబ్లీలో వైద్యారోగ్య శాఖ పద్దు మీద మీ ఎమ్మెల్యే ఏం అడిగారో చూడండి.

ప్రశ్న: తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు, ఆంధ్రలో 25 లక్షలకు పెంచారు. బడ్జెట్ కూడా అన్ని రెట్లు పెరగాలి కదా? – డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

అక్కర్లేదు. పరిమితి అంటే ఒక కుటుంబానికి ఏడాదిలో దాటకూడని గీత. అంత ఖర్చు అవుతుందని కాదు. ఆరోగ్యశ్రీలో ప్రతి చికిత్సకు ముందే ఒక ప్యాకేజీ ధర ఉంటుంది, వాటిలో ఎక్కువ 2 లక్షల లోపే. ఏడాదిలో 5 లక్షలు దాటే ఇళ్లు కొద్ది. క్యాన్సర్, అవయవ మార్పిడి, తీవ్రమైన కాలిన గాయాల వంటివి తగిలిన కుటుంబాలవి. వాళ్లకు పెద్ద పరిమితి నిజంగా ప్రాణాధారమే, కాదనం. కానీ ఖజానా మీద భారం పెంచేది పరిమితి కాదు. ప్యాకేజీ ధర, జాబితాలో ఉన్న చికిత్సల సంఖ్య, అర్హుల సంఖ్య, ఈ మూడే. పరిమితి పెంచడం ప్రభుత్వాలకు చవకైన ప్రకటన అని మా అభిప్రాయం.

జనం జేబు చిరిగేది మరోచోట. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం వైద్య ఖర్చులో ప్రజలు సొంతంగా పెట్టుకునేది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గిన మాట నిజం. మిగిలినదాంట్లో పెద్ద భాగం మందులు, పరీక్షలు, ఓపీ ఫీజులది. ఆస్పత్రిలో చేరితేనే పనిచేసే పథకం షుగరు మాత్రల ఖర్చును ముట్టుకోదు.

ప్రశ్న: బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు ఏటా ఏదో ఒక నెలలో ఆరోగ్యశ్రీ ఆపేస్తామంటాయి. బడ్జెట్‌లో డబ్బు పెట్టారు కదా, ఎక్కడ ఆగుతోంది? – రైతు, నల్గొండ జిల్లా. ఇదే అర్థంతో మరికొందరు

ఒక బిల్లు నడిచే దారి పట్టుకుని వెళ్దాం. రోగి ఆస్పత్రికి వస్తాడు. ఆస్పత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర కార్డు చూసి నమోదు చేస్తారు. పరీక్షలయ్యాక ఆస్పత్రి రిపోర్టులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టి ముందస్తు అనుమతి కోరుతుంది. ఆరోగ్యశ్రీని నడిపే ప్రభుత్వ ట్రస్టు డాక్టర్లు చూసి ఒప్పుకుంటారు. అత్యవసరమైతే ఫోన్‌లోనే అనుమతి తీసుకుని తర్వాత కాగితాలు పెట్టుకోవచ్చు. ఆపరేషన్ అవుతుంది, ఇంటికి పంపేటప్పుడు 10 రోజుల మందులివ్వాలి, అవీ ప్యాకేజీలోనే. ఆ తర్వాత ఆస్పత్రి క్లెయిము పెడుతుంది: డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, ఫొటోలు, స్టెంటో ప్లేటో వేస్తే దాని బిల్లు, స్టిక్కరు.

మొదటి ఆలస్యం ఇక్కడే. స్టిక్కరు మీద నంబరు కనపడలేదనో, ఫొటోలో తేదీ లేదనో పరిశీలకులు క్వెరీ పెడతారు. ఆస్పత్రి బిల్లింగు గుమస్తా దానికి జవాబిచ్చేసరికి వారాలు పడతాయి. ఈ ఆలస్యంలో కొంత తప్పు ఆస్పత్రులది. క్లెయిము సరిగ్గా కట్టడం చేతకాక చిన్న నర్సింగ్‌హోములు చాలా పోగొట్టుకుంటాయి.

రెండో ఆలస్యం పెద్దది. క్లెయిము ఆమోదం అయ్యాక బిల్లు ఆర్థిక శాఖకు చేరుతుంది. బడ్జెట్ పుస్తకంలో అంకె ఉండటం వేరు, ఆ డబ్బు విడుదల కావడం వేరు. శాఖకు విడుదల ఉత్తర్వు రావాలి, ట్రెజరీలో బిల్లు పెట్టాలి, టోకెన్ నంబరు పడాలి, ఆపైన నగదు రావాలి. ‘టోకెన్ పడింది, డబ్బు పడలేదు’ అనే మాట ఆస్పత్రి యజమానుల నోట తరచు వినిపించేది ఇందుకే. పుస్తకంలో చూస్తే ఆ శాఖకు కేటాయింపు నిక్షేపంగా కనిపిస్తుంది.

నగదు ఎందుకు ఉండదు? రాష్ట్రానికి డబ్బు వాయిదాల్లో వస్తుంది. కేంద్ర పన్నుల వాటా నెలకోసారి, మద్యం, జీఎస్టీ రోజూ, అప్పులు రిజర్వు బ్యాంకు మంగళవారం వేలాల్లో. పోయేటప్పుడు మాత్రం వరుస ఉంటుంది. జీతాలు, పింఛన్లు, వడ్డీలు ఆగడానికి వీల్లేదు. ఆ తర్వాత తేదీ ప్రకటించిన నగదు పథకాలు. వేచి ఉండగలిగేది మిగిలిన బిల్లులే. అందులో కాంట్రాక్టర్లతో పాటు ఆరోగ్యశ్రీ కూడా నిలబడుతుంది. రోగికి చికిత్స ఇప్పటికే అయిపోయింది కనుక ఆ బిల్లు ఆపితే వెంటనే గోల ఉండదు. కొన్ని నెలలు పేరుకున్నాక ఆస్పత్రుల సంఘం నోటీసిస్తుంది, సర్కారు కొంత విడుదల చేస్తుంది, సేవలు మళ్లీ మొదలవుతాయి. పాత బకాయి మాత్రం కొత్త ఏడాది కేటాయింపును తినేస్తూ పోతుంది.

కేంద్ర వాటా వల్ల కూడా కొంత జాప్యం. ఆయుష్మాన్ భారత్ కింద కేంద్రం తన వాటాను అర్హుల జాబితాలోని కుటుంబాలకు, అదీ కుటుంబానికి ఇంత అన్న గరిష్ఠ పరిమితికి లోబడి ఇస్తుంది. మన రాష్ట్రాల్లో తెల్లకార్డులు ఆ జాబితా కంటే చాలా ఎక్కువ. మిగిలిన కుటుంబాల ఖర్చు నూరు శాతం రాష్ట్రానిదే. పైగా ఖర్చు ధ్రువపత్రాలు పంపకపోతే తర్వాతి వాయిదా రాదు. కేంద్ర వాటాను పథకం ఖాతాకు 30 రోజుల్లో జమచేయకపోతే రాష్ట్రం 7 శాతం వడ్డీ కట్టాలని కూడా నిబంధన ఉంది. రాష్ట్రాలు కేంద్రం సొమ్మును ఇతర అవసరాలకు తిప్పుకోవడం మామూలయ్యాకే ఆ వడ్డీ పెట్టాల్సి వచ్చింది.

విరుగుడు కొత్తదేమీ కాదు. గత 12 నెలల క్లెయిముల సగటు ఎంతో అంత ప్రతి నెలా మొదటి వారంలో ట్రస్టు ఖాతాలో, ఎవరి సంతకం కోసమూ ఆగకుండా పడాలి. జీతాలకు చేస్తున్నదే ఇది.

సేవలు ఆగిన రోజున రోగి ఏం చేయాలి? ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో, నిమ్స్‌లో కూడా ఆరోగ్యశ్రీ చికిత్సలు జరుగుతాయి, అవి ఇలాంటి ఆందోళనల్లో ఆగవు. 104కు ఫోన్ చేసి దగ్గరలో ఏ ఆస్పత్రి తీసుకుంటోందో ముందే కనుక్కోండి. అనుమతి వచ్చిన కేసును మధ్యలో వదిలేస్తే ఆరోగ్యమిత్రతో రాతపూర్వకంగా నమోదు చేయించండి. ‘ఇంప్లాంటుకు తేడా డబ్బు కట్టండి’ అంటే రసీదు అడగండి. రసీదు ఇవ్వనంటే ఆ అడిగింది అక్రమమనే అర్థం. ముఖ్యమంత్రి సహాయ నిధి వేరే దారి. దానికి అసలు బిల్లులు కావాలి, వచ్చేది ఖర్చులో కొంత భాగమే. ఆరోగ్యశ్రీలో చేసిన చికిత్సకు మళ్లీ అక్కడ అడగకూడదు.

ప్రశ్న: ఆరోగ్యశ్రీ నడపడానికి ట్రస్టు మేలా, బీమా కంపెనీ మేలా? – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు నడిపింది బీమా పద్ధతిలోనే. తర్వాత ట్రస్టు చేతికి వచ్చింది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రెండూ కలిపిన పద్ధతికి ఒప్పుకుంది: 2.5 లక్షల వరకు బీమా, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు.

ఊహకు ఒక లెక్క. లక్ష కుటుంబాలు, ప్రీమియం 1,200. కంపెనీకి 12 కోట్లు ముడుతుంది. క్లెయిములు 9 కోట్లే అయితే 3 కోట్లు మిగులు. వాపసు షరతు ఒప్పందంలో ఉంటేనే అందులో కొంత వెనక్కి వస్తుంది. అదే క్లెయిములు 13 కోట్లయితే కంపెనీకి నష్టం. నష్టపోయిన కంపెనీ ఊరుకోదు. అనుమతుల తిరస్కరణ పెరుగుతుంది, వచ్చే ఏడాది ప్రీమియం పెరుగుతుంది. ట్రస్టు పద్ధతిలో 9 కోట్లయితే సర్కారుకు అయ్యేది ఆ 9, దాంతో పాటు ట్రస్టు సిబ్బంది ఖర్చు. 13 అయితే పైన పడ్డ నాలుగు కోట్లూ సర్కారే వెతుక్కోవాలి.

బీమా వస్తే బకాయిల బాధ పోతుందనేది సగమే నిజం. ప్రీమియం కట్టేదీ అదే ఖజానా. వాయిదా తప్పితే కంపెనీ క్లెయిములు ఆపుతుంది. బ్యాంకులో పనిచేసినవారు కదా, ఒప్పందంలో మూడు చూడండి: మిగులు వాపసు శాతం, క్లెయిము గడువు దాటితే ఆస్పత్రికి ఇచ్చే వడ్డీ, గడువులోగా జవాబు లేకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించాలన్న షరతు. మూడోది లేని ఒప్పందంలో రోగి స్ట్రెచరు మీద వేచి చూడాల్సిందే.

ప్రశ్న: మా పీహెచ్‌సీలో బీపీ మాత్రలు మూడు నెలల్లో ఒక నెల ఉండవు. డాక్టరును అడిగితే పైనుంచి రాలేదంటారు. – గృహిణి, ప్రకాశం జిల్లా

డాక్టరు చెప్పింది నిజమే కావచ్చు, కానీ పూర్తి నిజం కాదు. మందులు కొనేది రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల సంస్థ. ఏడాది పొడవునా వర్తించే ధరకు టెండరు పిలిచి, జిల్లా కేంద్ర మందుల గిడ్డంగికి తెప్పిస్తుంది. పీహెచ్‌సీలు ఈ-ఔషధి సాఫ్ట్‌వేర్‌లో ఇండెంటు (ఏ మందు ఎంత కావాలో తెలిపే కోరిక) పెట్టి అక్కడి నుంచి తెచ్చుకుంటాయి.

తప్పు ఎక్కువగా ఇండెంటు లెక్కలోనే మొదలవుతుంది. మీ పీహెచ్‌సీ కింద రోజుకు ఒక మాత్ర వాడే బీపీ రోగులు 400 మంది ఉంటే నెలకు 12,000 మాత్రలు, మూడు నెలలకు 36,000 కావాలి. పోయిన ఏడాది నెలకు 8,000 వాడారు గనక ఫార్మసిస్టు అలవాటుగా 24,000 రాస్తారు. ఇంటింటి సర్వేలో ఏఎన్‌ఎంలు కొత్త రోగులను పట్టుకుంటూనే ఉంటారు, ఇండెంటులో పాత అంకే ఉంటుంది. రెండు నెలలకు స్టాకు అయిపోతుంది. మీరన్న ‘మూడింటిలో ఒక నెల’ సరిగ్గా ఈ లెక్కే. స్టాకు లేని నెలలో వాడకం సున్నా అని సాఫ్ట్‌వేర్‌లో పడుతుంది కాబట్టి తర్వాతి సగటు ఇంకా తగ్గుతుంది. లేని నెలలో తిప్పి పంపిన రోగులను కూడా రిజిస్టరులో రాసి, అసలు అవసరం మీద ఇండెంటు పెట్టడమే దీనికి మందు.

రెండో కారణం సరఫరాదారుల బాకీలు. డబ్బు అందని కంపెనీ ఆర్డరు తీసుకుని సగం పంపుతుంది, మళ్లీ టెండరుకు రాదు. వచ్చినవాళ్లు ఆ ఆలస్యాన్ని ముందే ధరలో కలుపుకుంటారు. 1995 జనవరి నుంచి పనిచేస్తున్న తమిళనాడు మందుల సంస్థను ఇప్పటికీ ఆదర్శంగా చెప్పేది అక్కడి పాస్‌బుక్కు పద్ధతి వల్ల. ప్రతి ఆస్పత్రికీ ఇంత విలువ మందులు అని పాస్‌బుక్కు ఉంటుంది, తీసుకున్నకొద్దీ అందులో తగ్గిస్తారు. ఎవరికెంత మిగిలిందో డాక్టరుకూ గోదాముకూ ఒకేసారి తెలుస్తుంది. బ్యాచీల నమూనాలు పరీక్షలో నెగ్గాకే మందు ఆస్పత్రులకు వెళ్తుంది.

మీ పీహెచ్‌సీ చేతిలో కాస్త సొంత డబ్బు కూడా ఉంటుంది. జాతీయ ఆరోగ్య మిషన్ నిబంధనల ప్రకారం పీహెచ్‌సీకి ఏటా 1.75 లక్షలు, సీహెచ్‌సీకి 5 లక్షలు, జిల్లా ఆస్పత్రికి 10 లక్షలు విడి నిధిగా ఇవ్వాలి. ఆస్పత్రి అభివృద్ధి సంఘం తీర్మానంతో వాడుకోవచ్చు. 1.75 లక్షలంటే నెలకు 14,500 చిల్లర. దాంతోనే కరెంటు రిపేరు, నీళ్ల ట్యాంకు, శుభ్రత అన్నీ చూసుకోవాలి. అయినా ఒక నెల బీపీ మాత్రలకు అది చాలుతుంది. సంఘం సమావేశమే జరగకపోతే ఆ డబ్బు ఖాతాలో అలాగే పడి ఉంటుంది. చాలాచోట్ల జరిగేది ఇదే.

సమాచార హక్కు కింద అడగండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, పైవాటికి 10. తెల్లకార్డు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. ‘మందులు ఎందుకు లేవు’ అని రాయకండి, ఎందుకు అన్న ప్రశ్నకు జవాబివ్వనవసరం లేదని తప్పించుకుంటారు. ‘గత ఆరు నెలల్లో ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్రలకు పెట్టిన ఇండెంట్ల తేదీలు, సంఖ్య, అందిన తేదీలు, సంఖ్య, ఆస్పత్రి అభివృద్ధి సంఘం చివరి రెండు సమావేశాల తీర్మానాల నకళ్లు, ఖాతాలో నిల్వ’ అని అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇండెంటు తేదీకి, అందిన తేదీకి మధ్య తేడా చూస్తే తప్పు ఊళ్లోదో పైదో తేలిపోతుంది.

ప్రశ్న: ఫ్యాక్టరీలో 18,000 జీతం. ఈఎస్‌ఐకి ఎంత పోవాలి? ఆస్పత్రిలో మీ పేరు ‘యాక్టివ్’ లేదన్నారు. – కార్మికుడు, పటాన్‌చెరు

మీ వాటా 0.75 శాతం, అంటే 135 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, 585. మొత్తం 720 తర్వాతి నెల 15లోగా కట్టాలి. 2019 జులై నుంచి ఇవే రేట్లు. ఇది పన్ను డబ్బు కాదు, మీ జీతం డబ్బు. వైద్యం ఖర్చులో రాష్ట్రం వాటా ఎనిమిదింట ఒక వంతే, అదీ ఒక పరిమితి వరకు.

పేరు కనిపించకపోవడానికి మామూలు కారణం, మీ దగ్గర కోసిన డబ్బు యజమాని కట్టకపోవడం. ఈఎస్‌ఐ పోర్టల్‌లో మీ బీమా నంబరుతో నెలవారీ చెల్లింపులు చూసుకోండి. లేకపోతే పేస్లిప్పులతో బ్రాంచి ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. ఇంకో సంగతి: ఏప్రిల్–సెప్టెంబరు చెల్లింపులకు ప్రయోజన కాలం జనవరి–జూన్, అక్టోబరు–మార్చి చెల్లింపులకు జులై–డిసెంబరు. జీతం మధ్యలో సభ్యత్వ పరిమితి అయిన 21,000 దాటినా ఆ ఆర్నెల్ల చెల్లింపు కాలం ముగిసేదాకా మీరు సభ్యులే, కోత ఆపకూడదు.

ప్రశ్న: నాన్నకు 72, అమ్మకు 70. తెల్లకార్డు లేదు. ఆయుష్మాన్ కార్డు వస్తుందా? ఇద్దరికీ చెరో 5 లక్షలా? – కర్నూలు

వస్తుంది. 70 నిండినవారికి ఆదాయంతో పనిలేదు. 2024 అక్టోబరు 29న మొదలైన వయ వందన కార్డు ఇది. ఆధార్ ఈ-కేవైసీతో ఆయుష్మాన్ యాప్‌లో తీసుకోవచ్చు. ఆధార్‌లో పుట్టిన తేదీయే లెక్క, అది తప్పుంటే ముందు దాన్ని దిద్దించండి. 5 లక్షలు చెరొకటి కాదు, ఇంట్లో 70 నిండినవాళ్లందరికీ కలిపి. ప్రైవేటు బీమా ఉన్నా ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం వంటివి ఉన్నవారు మాత్రం రెంటిలో ఒకటి ఎంచుకోవాలి.

ప్రశ్న: బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌కు వీసా ఫీజుతో పాటు 1,164 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కట్టాను. ఏడాదికి 776 అన్నారు కదా? – విద్యార్థి, లెస్టర్

వీసా ఏడాదికి కాదు, సుమారు 16, 17 నెలలకు ఇస్తారు. మొదటి ఏడాదికి 776, మిగిలిన ఆరు నెలల లోపు కాలానికి సగం, 388. కలిపి 1,164. అక్కడి ఆరోగ్య సేవ ప్రధానంగా సాధారణ పన్నులతో నడుస్తుంది. పన్ను కట్టని కొత్తవాళ్ల నుంచి ఈ సర్‌చార్జి ముందే తీసుకుంటారు. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసాకు వెళ్తే విద్యార్థి రాయితీ ఉండదు, ఏడాదికి 1,035. కట్టినందుకు జీపీ (స్థానిక సాధారణ వైద్యుడు), ఆస్పత్రి ఉచితం. ఇంగ్లాండులో మందుల చీటీకి, పళ్లకు, కళ్లకు మాత్రం విడిగా ఇచ్చుకోవాలి. జ్వరం వచ్చాక కాదు, ఇల్లు కుదిరిన వారంలోనే దగ్గరి జీపీ దగ్గర పేరు రాయించుకోండి. నమోదుకు ఫీజు లేదు.